మనిషిని మార్చే ముందు సీటు మార్చి చూడండి

2023 మార్చి నెలాఖరులో, లెక్కల ఏడాది ముగిసే రోజుల్లో, మా ఆఫీసులో ఒక అమ్మాయిని ఉద్యోగం మానెయ్యమని చెప్పడానికి సిద్ధపడ్డాను. ఈ మాట రాయడానికి ఇప్పటికీ బాధగానే ఉంది.

విజయవాడ ఏలూరు రోడ్డు పక్క సందులో మొదటి అంతస్తులో మాది చిన్న ట్యాక్స్ ఆఫీసు. జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు వేస్తాం, పక్కన షాపులవాళ్ల లెక్కలు రాస్తాం. నాతో కలిపి తొమ్మిది మందిమి. మా పనిలో అంకె ముఖ్యం. ఇన్‌వాయిస్ నంబరులో 8 బదులు 3 పడితే అవతల పార్టీకి ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని తమ పన్నులోంచి తగ్గించుకునే వీలు, ఆగిపోతుంది, మర్నాడు పొద్దున్నే ఫోన్ నాకు వస్తుంది. ఆ అమ్మాయి ఎంట్రీల్లో సరిగ్గా అవే తప్పులు వచ్చేవి. 3 బదులు 8, 6 బదులు 5. రెండుసార్లు అందరి ముందూ గట్టిగా అన్నాను. రెండోసారి లోపలికెళ్లి చాలాసేపు బయటికి రాలేదు. మొహం కడుక్కుని వచ్చి మళ్లీ కూర్చుంది.

మా పెద్ద అకౌంటెంట్ గారు ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చి, "మేడం, పొద్దున చేసిన వోచర్లలో ఆ పిల్ల ఒక్క తప్పు కూడా చేయడం లేదు. మూడు దాటాకే వస్తున్నాయి. మీరొకసారి ఆ సీట్లో కూర్చుని చూడండి" అన్నారు.

మర్నాడు మూడున్నరకి ఆమెను బ్యాంకు పనికి పంపి, నేనా కుర్చీలో కూర్చున్నాను. వెనక పడమటి కిటికీ. ఎండ నా భుజం మీదుగా వచ్చి నేరుగా స్క్రీన్ మీద పడింది. స్క్రీన్ సగం తెల్లగా మెరిసిపోతోంది. ఆ తెలుపులో 3కీ 8కీ తేడా లేదు. అంకె కనపడాలంటే తల ఎడమవైపు వంచి, నా తల నీడ స్క్రీన్ మీద పడేలా కూర్చోవాలి. ఇరవై నిమిషాలకే మెడ పట్టేసింది. వీపు కాలుతోంది, ఏసీ గాలేమో నేరుగా మోకాళ్ల మీదికి కొడుతోంది. ఆ అమ్మాయి ఎప్పుడూ మెడ ఒకవైపు వాల్చి కూర్చుంటుందని, అది నిర్లక్ష్యమని అనుకునేదాన్ని. అంకె కనపడటం కోసం తంటాలు పడుతోందని ఆ రోజే తెలిసింది.

బల్లని పక్కకి తిప్పాం. ఇప్పుడు కిటికీ ఆమెకి కుడిచేతి వైపు వస్తుంది. ముదురు రంగు కర్టెన్ వేశాం. ఏప్రిల్‌లో ఆ సీటు నుంచి వచ్చిన తప్పులు రెండే రెండు. ఆ అమ్మాయి ఇప్పుడు మా దగ్గర జీఎస్టీ పని మొత్తం చూసుకుంటోంది.

అప్పటి నుంచి తప్పు కనపడితే మనిషి కంటే ముందు గదిని చూడటం నేర్చుకున్నాను. మీరూ అయిదు నుంచి ఇరవై మంది దాకా ఉన్న చిన్న ఆఫీసు నడుపుతుంటే, లేదా అలాంటిచోట పనిచేస్తుంటే, నేను చేసిన పనులు వరసగా చెబుతాను. చాలావాటికి పెద్ద డబ్బేమీ అక్కర్లేదు.

మొదట ఒక నోటుపుస్తకం తీయండి. రెండు వారాల పాటు జరిగిన ప్రతి తప్పునీ, ప్రతి తలనొప్పినీ, "కాసేపు బయటికెళ్లొస్తా" అన్న ప్రతి మాటనీ అందులో రాయండి. ఎన్నింటికి జరిగింది, ఏ సీటు, అంతే. పేర్లు రాయొద్దు, సీటు నంబర్లే రాయండి. పేరు రాస్తే మన కళ్లు మనిషి మీదికే పోతాయి, తప్పు సీటులో ఉన్నా కనపడదు. పైగా పేరు రాస్తున్నారని తెలిస్తే ఎవరూ నిజం చెప్పరు. రెండు వారాలయ్యాక చూస్తే, ఏదో ఒక సీటు, ఏదో ఒక గంట, పదే పదే కనపడుతుంది. ఆ గంటలో వెళ్లి ఆ సీట్లో మీరే కూర్చోండి. అయిదు నిమిషాలు చాలవు. కనీసం ముప్పావు గంట, మీ సొంత పని తీసుకెళ్లి చేస్తూ కూర్చోండి. పొద్దున పదింటికి బాగున్న సీటు నాలుగింటికి నరకంగా ఉండొచ్చు.

ఇక వెలుతురు. కిటికీ ఎప్పుడూ పక్కన ఉండాలి. ఎదురుగా ఉంటే కళ్లలోకి కొడుతుంది, వెనక ఉంటే స్క్రీన్ మీద పడుతుంది. బల్ల తిప్పడానికి చోటు లేకపోతే కనీసం కర్టెన్ వేయండి, అది కూడా పగలంతా మూసి ఉంచకుండా ఎండ వాలే వేళ మాత్రమే. ఆఫీసు బల్ల మీద 300 నుంచి 500 లక్స్ వెలుతురు ఉండాలని మన భారతీయ ప్రమాణాలు చెబుతాయి. ఫోన్‌లో లక్స్ కొలిచే యాప్ దొరుకుతుంది. అది పక్కాగా చూపించకపోయినా, ఒక సీటుకీ ఇంకో సీటుకీ ఉన్న తేడా బయటపెడుతుంది. మా గదిలో తలుపు దగ్గర సీటు 380 చూపిస్తే, బీరువా పక్క సీటు 90 చూపించింది. ఆ 90 సీట్లో కూర్చునేది మా పెద్ద అకౌంటెంట్ గారు, అరవై దాటిన మనిషి. వయసు పెరిగే కొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లెన్స్ పసుపెక్కుతుంది, లోపలికి చేరే వెలుతురు బాగా తగ్గిపోతుంది. ఇరవై ఏళ్ల కుర్రాడికి సరిపోయే లైటు ఆయనకి సరిపోదు. ఆయన ఒక్కసారి కూడా ఇబ్బంది అని చెప్పలేదు. ఆ తరం వాళ్లు చెప్పరు, మనమే చూసుకోవాలి. ఆయన బల్ల మీద ఒక టేబుల్ లైటు పెట్టించాను. మర్నాడు ఆయన వాడే భూతద్దం సొరుగులోకి వెళ్లిపోయింది.

లైటు దగ్గర చాలామంది పట్టించుకోని సంగతి ఇంకొకటుంది. సీలింగ్ ఫ్యాన్ రెక్కలకి పైన ట్యూబ్‌లైట్ గానీ, ఎల్ఈడీ ప్యానెల్ గానీ ఉంటే, తిరుగుతున్న రెక్కలు ఆ వెలుతురుని కోస్తూ ఉంటాయి. కింద కాగితం మీద నీడ టకటకా కొట్టుకుంటుంది. కాసేపటికి మనం దాన్ని గమనించడం మానేస్తాం, కళ్లు మాత్రం మానవు. మా నాలుగో నంబరు సీటులో వారానికి మూడు తలనొప్పులు పుస్తకంలో పడ్డాయి. తెల్లకాగితం బల్ల మీద పరిచి చూశాను. రెక్క నీడ కాగితం మీద పరిగెత్తుతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి లైటుని ఫ్యాన్ రెక్కల చుట్టు దాటి గోడ వైపుకి జరిపాడు. గంట పని. మీ ఆఫీసులో ఇవాళే ఈ తెల్లకాగితం పరీక్ష చేయండి.

కుర్చీ సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ ఎక్కువమంది డబ్బు ఖర్చుపెట్టి కూడా పొరపాటు చేస్తారు. నేనూ చేశాను. వెనక జాలీ ఉన్న ఖరీదైన కుర్చీలు తొమ్మిది కొన్నాను. నడుము నొప్పులు తగ్గలేదు. కారణం కుర్చీ కాదు, బల్ల. బజార్లో దొరికే ఆఫీసు బల్ల ఎత్తు దాదాపు 30 అంగుళాలు. కూర్చున్నప్పుడు మన మోచేతులు ఎంత ఎత్తులో ఉంటాయో, కీబోర్డు కూడా ఆ ఎత్తులోనే ఉండాలి. అయిదడుగుల ఎత్తున్న అమ్మాయి పాదాలు నేలకి ఆనేలా కూర్చుంటే ఆమె మోచెయ్యి 25 అంగుళాల దగ్గర ఉంటుంది. బల్ల అంతకంటే అయిదంగుళాలు పైన. అంటే రోజుకి ఎనిమిది గంటలు భుజాలు పైకెత్తి టైపు చేయాలి. మెడ, భుజం పట్టేయక ఏమవుతుంది? పోనీ కుర్చీ పైకి లేపితే పాదాలు గాల్లో వేలాడతాయి, కుర్చీ అంచు తొడల కింద నొక్కి కాళ్లు తిమ్మిరెక్కుతాయి. అప్పుడు ఆమె ముందుకి జరిగి, కుర్చీ అంచు మీద కూర్చుంటుంది. మనం డబ్బు పోసి కొన్న వీపు జాలీకి ఆమె వీపు తగలనే తగలదు.

దీనికి మందు చాలా చవక. కుర్చీ పైకి లేపి, మోచేతులు బల్ల ఎత్తుకి వచ్చేలా పెట్టండి. ఆ తర్వాత పాదాలకీ నేలకీ మధ్య ఎంత ఖాళీ ఉందో టేపుతో కొలిచి, అంత ఎత్తు చెక్క కాళ్ల కింద వేయండి. ముందువైపు కొంచెం వాలుగా ఉంటే ఇంకా హాయి. మా వడ్రంగి పాత తలుపు చెక్కతో ఆరు చేసిచ్చాడు. ఒక్కొక్కటి ఒక్కో ఎత్తు, వెనక మార్కర్‌తో సీటు నంబరు. చెప్పులు విడిచి కూర్చునేవాళ్లు చెప్పులు లేకుండానే కొలిపించుకోవాలి, మా వాళ్లలో సగంమంది అలాగే కూర్చుంటారు. చెక్కలు వేసిన నెలలో నోటుపుస్తకంలో "మెడ", "భుజం" అన్న మాటలు సగానికి సగం పడిపోయాయి.

స్క్రీన్ చేయి చాచినంత దూరంలో ఉండాలి, పై అంచు కళ్లకి సమంగానో, కాస్త కిందగానో ఉండాలి. ల్యాప్‌టాప్ అయితే కింద పాత లెడ్జర్ల కట్ట పెట్టి, కీబోర్డు విడిగా తగిలించండి. దూరపు చూపుకీ దగ్గర చూపుకీ కలిపి ఉన్న బైఫోకల్ అద్దాలు పెట్టుకునేవాళ్లకి స్క్రీన్ ఇంకా కిందికి దించాలి, లేకపోతే అద్దం కింది భాగంలోంచి చూడటానికి గడ్డం పైకెత్తుతారు. బిల్లుల కట్టని బల్ల మీద పడుకోబెట్టకుండా స్క్రీన్ పక్కన నిలబెట్టే స్టాండు కూడా పెట్టండి. రోజుకి వెయ్యిసార్లు తల కిందికీ పైకీ ఆడించే పని తప్పుతుంది.

ఇప్పుడు ఏసీ. ప్రతి ఆఫీసులోనూ రిమోట్ కోసం జరిగే యుద్ధం మా దగ్గరా ఉండేది. బయటి నుంచి వచ్చే కుర్రాళ్లు 18 పెట్టేస్తారు, లోపల కూర్చున్న ఆడవాళ్లు చున్నీ కప్పుకుంటారు. ఇది ఎవరి మొండితనమూ కాదు. ఆఫీసుల్లో చల్లదనం లెక్కగట్టే పాత సూత్రం 1960ల నాటిది. అందులో ఒంటి వేడికి కొలమానంగా తీసుకున్నది నలభై ఏళ్ల, 70 కిలోల మగమనిషిని. దానివల్ల ఆడవాళ్ల ఒంట్లో పుట్టే వేడిని ఆ సూత్రం ఎక్కువగా అంచనా వేస్తుందని 2015లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలిద్దరు లెక్కలు వేసి చూపించారు. మన దగ్గరైతే పరిశోధకురాలు మాధవి ఇంద్రగంటి గారు హైదరాబాద్, చెన్నై ఆఫీసుల్లో మనుషుల్ని అడిగి, కొలతలు తీసి, ఏసీ గదుల్లో మనవాళ్లకి హాయిగా ఉండేది 26 డిగ్రీల చుట్టుపక్కల అని తేల్చారు. చల్లగా ఉంటే చురుగ్గా పనిచేస్తారనే నమ్మకం కూడా నిలవదు. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు అలన్ హెడ్జ్ 2004లో ఫ్లోరిడాలోని ఒక బీమా ఆఫీసులో చూస్తే, గది 20 డిగ్రీల నుంచి 25కి వచ్చేసరికి టైపింగ్ తప్పులు 44 శాతం తగ్గాయి. చల్లబడిన వేళ్లు కీబోర్డు మీద తడబడతాయి, అది మనందరికీ తెలిసిందే.

మేం చేసింది ఇది. ఏసీ 26లో పెట్టి, ఫ్యాన్లు రెండో నంబరులో తిప్పాం. గాలి ఆడితే ఒంటికి రెండు డిగ్రీలు తక్కువైనట్టే అనిపిస్తుంది. ఒక్కో డిగ్రీ పెంచితే కరెంటు దాదాపు 6 శాతం ఆదా అవుతుందని కరెంటు పొదుపు సంగతులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ చెబుతుంది. 2020 నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24లో మొదలవ్వాలన్న నియమం కూడా వాళ్లదే. ఏసీ గాలి ఎవరి మోకాళ్లకీ, మెడకీ నేరుగా తగలకుండా దాని మూతిని పైకి తిప్పాం. మే నెలలో మిట్టమధ్యాహ్నం స్కూటర్ మీద బ్యాంకు నుంచి వచ్చేవాళ్ల కోసం గుమ్మం పక్కన ఒక కుర్చీ, ఒక టేబుల్ ఫ్యాన్, కుండలో నీళ్లు పెట్టాం. పది నిమిషాలు అక్కడ కూర్చున్నాక లోపలికొస్తారు. రిమోట్ గొడవ అక్కడే ఆగిపోయింది. ఎండలోంచి వచ్చిన మనిషికి కావలసింది పది నిమిషాల చల్లదనమే, ఆ పది నిమిషాల కోసం గదంతటినీ రోజంతా గడ్డకట్టించాల్సిన పని లేదు.

పడమటి గోడ వేడెక్కితే ఏసీ ఎంత తిప్పినా లాభం లేదు. కిటికీకి లోపల కర్టెన్ కంటే బయట తడిక మేలు. ఎండని అద్దం దాటనిచ్చాక ఆపడం కంటే దాటకముందే ఆపాలి. మేం వెదురు తడికలు కట్టించాం.

గాలి గురించి ఒక అపోహ పోవాలి. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని లోపలికి తీసుకురాదు. గదిలో ఉన్న గాలినే మళ్లీ మళ్లీ చల్లబరుస్తుంది. తలుపులు బిగించుకుని తొమ్మిది మంది ఊపిరి తీస్తుంటే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పెరుగుతూ పోతుంది. బయటి గాలిలో అది మిలియనుకి 420 వంతులకి కాస్త పైనే ఉంటుంది. గదిలో వెయ్యి దాటకుండా చూసుకోవాలని సాధారణంగా చెబుతారు. కొలిచే మీటరు ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. ఒక మంగళవారం నాలుగింటికి మా గది 2,100 చూపించింది. మధ్యాహ్నం మత్తుకి అన్నాన్నీ పెరుగునీ తిడుతూ వచ్చాం గానీ, అందులో గాలి వాటా కూడా ఉంది. హార్వర్డ్ పరిశోధకులు ఆఫీసు ఉద్యోగుల్ని రకరకాల గాలిలో కూర్చోబెట్టి పరీక్షిస్తే, మంచి గాలి ఆడే రోజుల్లో ఆలోచించి నిర్ణయం తీసుకునే పనుల్లో వాళ్ల మార్కులు బాగా పెరిగాయి.

ఇప్పుడు మా దగ్గర రోజుకి మూడుసార్లు, పదకొండున్నరకి, భోజనం వేళ, మూడున్నరకి, ఎదురెదురు కిటికీలు పది నిమిషాలు బార్లా తెరుస్తాం. ఏసీ ఆపేస్తాం. ఒక మూల ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఎప్పుడూ సన్నగా తిరుగుతూ ఉంటుంది. మీటరు గోడకి తగిలించాను, అందరికీ కనపడేలా. వెయ్యి దాటితే ఎవరైనా లేచి కిటికీ తీయొచ్చు, నన్ను అడగక్కర్లేదు. రోడ్డు వైపు కిటికీ అయితే ట్రాఫిక్ తక్కువున్న వేళ చూసుకోండి, పొగ లోపలికి తెచ్చుకోవద్దు.

శబ్దంలో అన్నీ ఒకటి కాదు. ఫ్యాన్ హోరు, రోడ్డు హారన్లు కొన్నాళ్లకి అలవాటైపోతాయి. అర్థమయ్యే మాట మాత్రం అలవాటు కాదు. మా పనిలో అయితే ఓటీపీ ఫోన్లు. ఒకరు "సార్, ఓటీపీ చెప్పండి... ఏడు, రెండు, తొమ్మిది, తొమ్మిది..." అని పైకి అంటుంటారు. పక్క సీట్లో ఇంకొకరు తమ బిల్లు అంకె బదులు 7,299 కొట్టేస్తారు. మనసులో పట్టుకున్న అంకెని చెవిలో పడిన అంకె తోసేస్తుంది. ఈ తప్పు మా పుస్తకంలో నేను వెతికి పట్టుకున్నాను. ఒక లెడ్జరులో పడిన తప్పు అంకెలు అచ్చంగా పక్కవాళ్లు పలికిన ఓటీపీ చివరి మూడంకెలే. ఆ రోజు నుంచి ఓటీపీ ఫోన్లన్నీ వరండాలోనే. అక్కడ ఒక ఎత్తు బల్ల, ఒక ల్యాప్‌టాప్ పెట్టాం, నిలబడి చేసుకుంటారు. మీ ఆఫీసులో అది కస్టమర్ ఫోన్లు కావొచ్చు, డెలివరీ కుర్రాళ్లు కావొచ్చు. ఏ మాట ఏ పనికి అడ్డమొస్తుందో చూసి ఆ రెంటినీ విడదీయండి. హెడ్‌ఫోన్లు పెట్టుకోమనడం పరిష్కారం కాదు, బాధ్యత వాళ్ల మీదికి నెట్టడమే.

చివరగా బాత్రూము. ఆఫీసు సౌకర్యాల గురించి మాట్లాడేవాళ్లెవరూ దీన్ని ఎత్తరు. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఆఫీసులో ఆడవాళ్లకి విడిగా బాత్రూము లేదు, ఉన్నదానికి గడియ సరిగ్గా పడేది కాదు. పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా నీళ్లు తాగకుండా ఉండటం నేర్చుకున్నాను. ఆ వేసవిలో యూరిన్ ఇన్ఫెక్షన్‌తో జ్వరం వచ్చి పది రోజులు మంచం మీదున్నాను. ఎవరికీ కారణం చెప్పుకోలేదు. విజయవాడ ఎండల్లో నీళ్లు తాగని మనిషికి తల పనిచేయదు, ఒళ్లు పనిచేయదు. మీ ఆఫీసులో అమ్మాయిల బల్లల మీద నీళ్ల సీసాలు సాయంత్రానికి కూడా నిండుగానే ఉంటే, వాళ్లకి దాహం లేదనుకోవద్దు. వెళ్లి బాత్రూము చూడండి. గడియ పడుతుందా, లైటు ఉందా, నీళ్లొస్తున్నాయా, మూత ఉన్న చెత్తబుట్ట ఉందా, లోపలికి వెళ్లే దారి మగవాళ్ల బల్లల మధ్య నుంచి ఉందా? మా దగ్గర ఆ ఆఖరిది ఉండేది. బీరువాలు రెండు జరిపి దారి మార్చాం. వారం తిరక్కుండా రోజుకొక నీళ్ల క్యాన్ ఎక్కువ పట్టడం మొదలైంది.

ఏది ముందు చేయాలని అడిగితే, బాత్రూము గడియ, కిటికీ పక్కకి బల్ల తిప్పడం, కాళ్ల కింద చెక్క. ఈ మూడూ ఈ వారంలో అయ్యే పనులు. ఫ్యాన్ పైన లైటు, ఓటీపీ మూల ఆ తర్వాతి నెలల్లో. తడికలు ఎండలు ముదరకముందు. కొత్త కుర్చీలు అన్నిటికంటే ఆఖర్న, అప్పటికీ అవసరమనిపిస్తే. ఆ మొదటి మూడూ తప్పితే, ఒక మార్పు చేశాక కనీసం నెల ఆగి ఇంకోటి చేయండి. అన్నీ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. మొదటి వారం బాగుపడినట్టు కనిపించేదాన్ని నమ్మకండి. ఎవరో తమని పట్టించుకున్నారన్న సంతోషంతోనే మనుషులు కొన్నాళ్లు బాగా చేస్తారు.

మా ఆఫీసులో సోమవారం ఒక కుర్రాడు కొత్తగా చేరాడు. ఆరడుగుల రెండంగుళాలు. అతనికి ఇబ్బంది తిరగబడింది, మోకాళ్లు బల్ల కింద తగులుతున్నాయి. ఇవాళ టేపు పట్టుకుని కొలిచాను. బల్ల కాళ్ల కింద రెండున్నర అంగుళాల దిమ్మలు నాలుగు కావాలి. వడ్రంగి శనివారం వస్తానన్నాడు. అప్పటిదాకా పాత ట్యాక్స్ పుస్తకాలు నాలుగు కట్టలు పెట్టాం.